రోమను ఇంటి మట్టి దీపం

కరెంటు పోయిన రాత్రి ప్రమిద వెలిగించి, దాన్ని చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచారనుకోండి. నూనె ఎక్కడ ఒలుకుతుందోనని ఎంత భయం! రెండు వేల ఏళ్ళ కిందటి రోమను ఇల్లాలికి ఆ బెంగ తక్కువే. ఆమె దీపం పైన మూసి ఉండేది.

అరచేతిలో ఇమిడే గుండ్రని మట్టి బుడ్డి అది. ముందు ముక్కులా సాగిన చోట వత్తి కొస బయటికి వస్తుంది. చాలావాటికి వెనక వేలు దూర్చుకునే పిడి కూడా ఉంటుంది. పైభాగం పళ్ళెంలా కొంచెం గుంటపడి, అందులో ఓ చిన్న కన్నం. ఆలివ్ నూనె పోసేది అందులోంచే. బొమ్మలన్నీ ఆ పళ్ళెం మీదే: గ్లాడియేటర్లు, రథాలు, దేవతలు, డాల్ఫిన్లు. నూనె కన్నం కొన్నిట్లో బొమ్మ పక్కన పడింది, కొన్నిట్లో పాపం బొమ్మ నడుమే పొడిచేశారు!

ఇంత నగిషీ చూసి గొప్పింటి సొత్తనుకునేరు. గొప్పవాళ్ళకి కంచు దీపాలుండేవి. ఇవి అచ్చులో చేసిన చవక సరుకు. ముందు ఒక మాదిరి దీపం శ్రద్ధగా చేసి, దానిమీద పై సగానికీ కింది సగానికీ అచ్చులు తీసేవారు. వాటిలో మెత్తని మట్టి అదిమి, సగాలు రెండూ అతికి, కన్నాలు పొడిచి, పల్చని మట్టినీళ్ళలో ముంచి ఆవంలో కాల్చేవారు.

కొన్నిటి అడుగున తయారుచేసినవారి పేరుంటుంది. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో మొదలై బాగా పేరుకెక్కింది ఫోర్టిస్. ఉత్తర ఇటలీలోని మోదెనాలో 2008లో ఆ పేరున్న దీపాలు పారబోసిన కుప్ప బయటపడింది. పెద్దగా బొమ్మల్లేని సాదా దీపాలే, కాని ఏం గిరాకీ! రోమను సామ్రాజ్యంలో ఎక్కడెక్కడో దొరికాయి. అన్నీ అసలువి కావు లెండి. కొన్న దీపం మీదే అచ్చు తీసి, పేరుతో సహా దింపేసేవారు. మట్టి ఆరినా కాలినా కుంచించుకుపోతుంది కదా? అందుకని నకలు అసలుకంటే చిన్నది, నకలుకి నకలు ఇంకా చిన్నది. అక్షరాలూ అలుక్కుపోతాయి. బజారులో పేరు చూసి కొని మోసపోయిన మనకి ఇదేం కొత్త?

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయి పట్టణం బూడిద కింద పడిపోయింది. 1881లో అక్కడ ఒక ఇంట్లో తవ్వుతుంటే ఒక పెట్టెడు సరుకు దొరికింది. గాల్ దేశం, అంటే నేటి ఫ్రాన్సు నుంచి వచ్చిన 90 ఎర్రమట్టి గిన్నెలు, వాటితోబాటు 37 మట్టి దీపాలు. ఎవరు తెప్పించుకున్నారో గాని, పెట్టె విప్పి సర్దుకునే వ్యవధి వాళ్ళకి దొరకలేదు.