‘రిలేయింగ్ డినైడ్’ వెనుక కథ

‘550 రిలేయింగ్ డినైడ్’. నీ ఉత్తరం మోయను పొమ్మని మెయిల్ సర్వర్ మొహం మీదే చెప్పే మాట ఇది. మొదట్లో సర్వర్లకు ఇలా కాదనడం తెలియదు.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన, మెయిల్ పంపే పద్ధతి ఎస్ఎంటీపీ నిబంధనల్లో పంపేవాడెవరో తేల్చుకునే ఏర్పాటే లేదు. ‘హెలో’ అని పలకరించి, ‘మెయిల్ ఫ్రమ్’ దగ్గర ఏదో ఒక చిరునామా చెప్పి, ‘ఆర్‌సీపీటీ టు’ అంటూ అందాల్సినవాళ్లను వరసపెట్టి, ‘డేటా’ తర్వాత విషయమంతా రాసి, చివరి వరుసలో ఒక్క చుక్క పెడితే సరి. పంపేవాడు, అందుకునేవాడు ఇద్దరూ పరాయివాళ్లే అయినా సర్వర్ దాన్ని ముందుకు సాగనంపేది. ఊరెళ్లేవాడి చేతికి ఉత్తరమిచ్చి పంపినట్టే! యంత్రాలన్నీ నేరుగా కలవని ఆ రోజుల్లో అది మర్యాదే కాదు, అవసరం కూడా.

తొంభైల్లో ఈ మంచితనం స్పామర్ల కంట పడింది. డయలప్ లైను మీద ఒక్క కాపీ, దానితో పాటు చాంతాడంత చిరునామాల జాబితా దిగుమతి చేస్తే, మిగతా చాకిరీ అవతలి సర్వరుది. తిరుగుటపాలూ, తిట్లూ దాని యజమానికే.

విరుగుడు రెండు వైపుల నుంచి వచ్చింది. ఎరిక్ ఆల్మన్ సృష్టించిన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సెండ్‌మెయిల్, 1998లో వచ్చిన 8.9 వెర్షన్ నుంచి, అనుమతిస్తే తప్ప పరాయి ఉత్తరం మోయడం మానేసింది. మరోవైపు ఓఆర్‌బీఎస్ లాంటి నల్లజాబితాలు. ఎవరూ పిలవకుండానే సర్వర్ల తలుపులు తట్టి, తెరిచి ఉంటే, మెయిల్ తీసుకోకూడని సర్వర్ల వరసలో పేరెక్కించేవి. ఈ దౌర్జన్యం చాలామంది అడ్మిన్లకు మండుకొచ్చింది.

ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ గిల్మోర్ మాత్రం తన సర్వర్ తలుపు మూయడానికి ససేమిరా అన్నారు. దేశాలు తిరిగే తన స్నేహితులు తన సర్వర్ ద్వారా మెయిల్ పంపుకుంటే తప్పేమిటన్నది ఆయన వాదన. ఆయన పట్టుదల మెచ్చదగ్గదే గానీ, వాదనకు అప్పటికే కాలం చెల్లింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి ఎక్కణ్ణుంచైనా మెయిల్ పంపుకునే ప్రమాణం 1999 మార్చికే వచ్చేసింది.

తెరిచిన సర్వర్లు అరుదయ్యాక, ఓఆర్‌డీబీ అనే నల్లజాబితా 2006 డిసెంబరులో దుకాణం కట్టేసింది. అయినా కొందరు అడ్మిన్లు తమ సెట్టింగుల్లో దాని పేరు తీయలేదు. 2008 మార్చిలో ఆ జాబితా తనను అడిగిన ప్రతి చిరునామాకూ ‘జాబితాలో ఉంది’ అని బదులివ్వడం మొదలుపెట్టింది. దాంతో ఆ అడ్మిన్ల సర్వర్లు మంచి మెయిళ్లను కూడా గుమ్మం దగ్గరే తిప్పి పంపేశాయి.