నైపుణ్యం నుండి హాజరుకు: ఆన్‌లైన్ ఆటల్లో ప్రతిఫల పద్ధతి - చారిత్రక పరిశీలన

వీడియో ఆటల తొలినాళ్లలో ప్రతిఫలం నైపుణ్యానికి దక్కేది. 1982లో డేవిడ్ క్రేన్ రూపొందించిన 'పిట్‌ఫాల్' ఆటలో 20,000 పాయింట్లు సాధించినవారు టీవీ తెరను ఫోటో తీసి యాక్టివిజన్ సంస్థకు తపాలాలో పంపితే, చొక్కాకు కుట్టుకొనే గుడ్డ బ్యాడ్జి వచ్చేది. ఎవరు ఎంతసేపు ఆడారో సంస్థకు తెలిసే మార్గం లేదు. సాక్ష్యం ఆటగాని చేతిలోనే ఉండేది.

ఆట సర్వర్ మీదికి చేరాక ఆ సాక్ష్యం చేతులు మారింది. ఈ మార్పుకు బీజం అంతకు ముందే, 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ నిర్మించిన 'మడ్' ఆటలో కనిపిస్తుంది. అందులో పాయింట్లు కూడబెట్టినవారు మాంత్రిక పదవికి చేరేవారు; వారి ఖాతా విశ్వవిద్యాలయ కంప్యూటరులో ఉండేది. 2005లో ఎక్స్‌బాక్స్ 360 అన్ని ఆటల పాయింట్లనూ ఒకే పేరు కింద చేర్చింది.

అయితే లెక్కించే విషయమే మారిన తీరును 2004 నాటి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' స్పష్టంగా చూపుతుంది. విడుదలకు ముందు పరీక్షాదశలో, ఎక్కువసేపు ఆడేవారికి దక్కే అనుభవ పాయింట్లను సగానికి తగ్గించే ఏర్పాటు ఉండేది. విరామం తీసుకోవాలన్నదే ఉద్దేశం. ఆటగాళ్లు దానిని శిక్షగా భావించి నిరసించారు. రూపకర్తలు విరామం తీసుకున్నవారికి 200 శాతం, ఆ నిల్వ తరిగాక మామూలుగా 100 శాతం అని మార్చారు. నిష్పత్తి అదే, శిక్ష మాత్రం బహుమానమయింది. ఆటలోని సత్రంలో పాత్రను నిద్రపుచ్చి వెళ్లినవారికి ఆ నిల్వ త్వరగా పెరిగేది. అంటే ఆటగాడు లేని సమయం కూడా లెక్కలోకి వచ్చింది. ఆడనివారికీ జమ కట్టే ఖాతా పుస్తకం ఇది!

2009లో జింగా సంస్థ ఫేస్‌బుక్‌లో ప్రవేశపెట్టిన 'ఫార్మ్‌విల్' ఇదే లేని సమయాన్ని నష్టంగా మార్చింది. స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో పండేది. సకాలంలో కోయకపోతే వాడిపోయేది. ఈ సేద్యానికి నేర్పు దాదాపు అక్కరలేదు, వేళకు రావడమే ముఖ్యం. దీనిని హాజరుపట్టీ అనడమే సబబు.

ప్రతిఫలాన్ని తగ్గించి ఆటగాళ్లను లేపి పంపాలన్న ఆలోచన మరోచోట చట్టబద్ధమయింది. 2007లో చైనా ప్రభుత్వం మైనర్లకు మూడు గంటలు దాటితే ఆటలో వచ్చే ప్రతిఫలం సగమనీ, అయిదు గంటలు దాటితే సున్నా అనీ నిబంధన విధించింది. వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు తిరస్కరించిన లెక్క ఇక్కడ ప్రభుత్వ ఆజ్ఞగా వచ్చింది. ఆటను ఆపించడమే దాని ఉద్దేశం, లాభం లేకుండా చేయడం అందుకు సాధనం. 2021లో ఆ ప్రభుత్వమే ప్రతిఫలాల జోలి వదిలి, శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు దినాల్లోనూ రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకే మైనర్లు ఆడాలని గడియారంతో నిర్ణయించింది.