ముస్తఫా బోర్డు

నా బల్ల మీద ఒక సర్క్యూట్ బోర్డు ఉంది. పాత ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణంలో తుక్కు కింద తూచి ఇచ్చారు. దీని మీద ఉన్న ఆట పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. ఆ పేరు చెబితే మా ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. 'ముస్తఫా గేమ్' అనండి చాలు, తొంభైల్లో వీడియో గేమ్ పార్లర్ గడప తొక్కిన ప్రతివాడి మొహమూ వెలుగుతుంది. నిజానికి ఆ కథలో హీరో జాక్ టెన్రెక్. పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా కైరో నలుగురిలో ఒకడు, అంతే. కానీ పరిగెత్తుకొచ్చి ఎగిరి తన్నేది ముస్తఫానే కాబట్టి, మనవాళ్ళు ఆటకే అతని పేరు పెట్టేశారు.

ఈ పాత బోర్డులను బాగుచేయడం నాకు కొన్నేళ్లుగా ఉన్న పిచ్చి. బాగుచేస్తూ చేస్తూ వాటి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అందులో ఎవరు దొంగ, ఎవరు కాపలాదారు అన్నది నేననుకున్నంత తేలిక విషయం కాదని తెలిసింది.

పార్లర్లో కనిపించే ఆ చెక్క డబ్బాలో ఆట అంటూ ఏమీ ఉండదు. టీవీ గొట్టం, కర్రలు, బటన్లు, కరెంటు సరఫరా, వైర్లు ఉంటాయి. ఆటంతా బోర్డులోనే. 1985లో జపాన్ తయారీదారుల సంఘం 'జామా' అనే ప్రమాణం తెచ్చింది: బోర్డు అంచున పక్కకి 28 చొప్పున 56 కాంటాక్టులు, ఏది దేనికో ముందే నిర్ణయం. దాంతో పాత బోర్డు లాగేసి కొత్తది గుచ్చితే అదే డబ్బాలో కొత్త ఆట వచ్చేది. చాలా బోర్డుల్లో ఆట ప్రోగ్రాము ఈప్రామ్ అనే చిప్‌లలో ఉంటుంది. వాటి నడినెత్తిన చిన్న గాజు కిటికీ. అతినీలలోహిత కాంతి పడితే లోపలి సమాచారం చెరిగిపోతుంది. అందుకే కిటికీ మీద స్టిక్కర్ అంటిస్తారు. ఆ స్టిక్కర్ ఊడిన బోర్డు చేతికొస్తే నాకు గుండె జారుతుంది.

ఈప్రామ్‌ని చదవడం తేలికే. రాయడమూ తేలికే. చిక్కంతా అక్కడే వచ్చింది.

1991లో క్యాప్‌కామ్ కంపెనీ 'స్ట్రీట్ ఫైటర్ 2' విడుదల చేసింది. ప్రపంచమంతా పార్లర్ల ముందు బారులు తీరింది. వెనకాలే డూప్లికేట్ బోర్డులు దిగాయి. చిప్‌లు చదివి, నకలు తీసి, చవకగా అమ్మేశారు. కొందరు నకలుతో ఆగకుండా ఆటనే మార్చేశారు. గాల్లో ఎగురుతూ నిప్పుబంతులు విసరడం, ఆట మధ్యలో మనిషిని మార్చుకోవడం, అన్నీ పెట్టారు. 'రెయిన్‌బో ఎడిషన్' అని పేరుపడ్డ ఆ వెర్రి రకం కూడా బాగా ప్రసిద్ధికెక్కింది. కష్టపడి ఆట తయారుచేసిన కంపెనీకి ఒళ్ళు మండదా మరి?

మండింది. 1993లో వచ్చిన సీపీఎస్-2 బోర్డులో క్యాప్‌కామ్ గట్టి తాళం వేసింది. ప్రోగ్రాములోని ఆదేశాలన్నీ సంకేత భాషలో ఉంటాయి. ప్రాసెసర్ ఒక్కో ఆదేశాన్ని తీసుకునేటప్పుడే అది విడి అసలు రూపానికొస్తుంది. అలా విప్పే తాళంచెవి ఒక అంకె. ఆట ఆటకీ వేరు. దాన్ని ఈప్రామ్‌లో పెట్టలేదు, పెడితే చదివేస్తారు కదా. కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే చిన్న జ్ఞాపకంలో పెట్టి, అది మరిచిపోకుండా పక్కన ఒక లిథియం బ్యాటరీ అతికించారు. ఎవరైనా కెలికి ఆ సరఫరా తెంపారో, చెవి మాయం.

ముస్తఫా గేమ్ దీనికి ముందుతరం బోర్డు మీద, అదే 1993లో వచ్చింది. దానికీ ఇలాంటి కాపలా ఉంది. అందులో ధ్వనిని చూసుకునే ప్రాసెసర్ పేరు 'కబుకి'. పైకి మామూలు జెడ్80, లోపల తాళం, బయట బ్యాటరీ.

కెలికినవాడికే శిక్ష పడితే గొడవ లేదు. బ్యాటరీకి దొంగ ఎవరో, డబ్బు పెట్టి కొన్నవాడు ఎవరో తెలియదు. దానికి తెలిసిందల్లా వయసు. గోదాములో ఎవరూ ముట్టుకోకుండా పడున్న ఒరిజినల్ బోర్డు కూడా ఏదో ఒక రోజు మరిచిపోతుంది. స్విచ్ వేస్తే సీపీఎస్-2 తెర నిండా ఒకే రంగు. చిప్‌లన్నీ క్షేమం, ఆదేశాలన్నీ ఉన్నాయి, చదవడానికి మాత్రం ఎవరూ లేరు. ఈ రంగంలో ఉన్నవాళ్ళు దీన్ని 'సూయిసైడ్ బ్యాటరీ' అంటారు.

ఆ తాళం తీసిన కథ పదిహేనేళ్లకు పైగా నడిచింది. 2001 జనవరిలో 'సీపీఎస్2షాక్' అనే బృందం తాళాన్ని విప్పలేదు గానీ, బతికున్న బోర్డు చేతనే ఆదేశాలను విప్పించి, ఆ విప్పిన రూపాన్ని రాసి పెట్టుకుంది. దాంతో 'ఫీనిక్స్' అనే పేరుతో చచ్చిన బోర్డులు బ్యాటరీ లేకుండానే లేచాయి. అయితే వాటిలో నడిచేది మార్చిన ప్రోగ్రాము. 2007 జనవరిలో ఆండ్రియాస్ నైవ్, నికోలా సాల్మోరియా కలిసి సంకేతపు లెక్కనే ఛేదించారు. తాళంచెవి పొడవు 64 బిట్లు. చివరికి 2016 ఏప్రిల్‌లో ఎడ్వర్డో క్రుజ్, అర్టెమియో ఉర్బినా, ఇయాన్ కోర్ట్ మరో అడుగు ముందుకేశారు. చచ్చిన బోర్డులో ఒక్క తీగ కూడా కోయకుండా, పోయిన చెవిని తిరిగి అదే చోట రాసే దారి కనిపెట్టారు. బోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే లేచి కూర్చుంటుంది.

సాల్మోరియా అన్న పేరు ఇంకో చోట కూడా వస్తుంది. పాత ఆర్కేడ్ యంత్రాలను కంప్యూటర్‌లో అనుకరించే 'మేమ్' ప్రోగ్రామును 1997 ఫిబ్రవరిలో మొదట విడుదల చేసింది ఆయనే. ఊరికే ఆడుకోవడానికే మేమ్ అనుకుంటారు చాలామంది. నాలాంటివాళ్ళకి అది నిఘంటువు. ఏ ఆటలో ఏ చిప్ ఉంటుందో, అందులో సమాచారం ఎంతో, దాని వేలిముద్ర లాంటి అంకె ఏమిటో అందులో రాసి ఉంటుంది. నా బోర్డులో చిప్ చదివి ఆ అంకెతో పోల్చుకుంటే అది బతికుందో, మతి తప్పిందో తెలిసిపోతుంది. బోర్డులను చూసి మేమ్ రాశారు. ఇప్పుడు మేమ్‌ను చూసి బోర్డులు బాగుచేస్తున్నాం.

చట్టం దృష్టిలో ఇదంతా తిన్నని దారేమీ కాదు. కానీ మన సాహిత్యం మాత్రం ఎలా మిగిలింది? తాటాకుకు చెదలు, తేమ తప్పవు. ఎవరో ఒకరు కూర్చుని మరో ఆకు మీద నకలు రాస్తూ పోవడం వల్లే కావ్యాలు మన దాకా వచ్చాయి. సి.పి. బ్రౌన్ కడపలో పండితులకీ లేఖకులకీ జీతాలిచ్చి, దొరికిన ప్రతులన్నీ పోల్చి శుభ్రప్రతులు రాయించాడు. ఆకుకి తాళం వేసి, వేసినవాడితో పాటే చెవి పోయేలా చేసుంటే ఏం మిగిలేది?

ముస్తఫా గేమ్ విషయంలో ఇది ఉత్త పోలిక కాదు. ఆ ఆట మార్క్ షుల్ట్జ్ గీసిన 'జెనోజోయిక్ టేల్స్' కామిక్స్ ఆధారంగా వచ్చింది, క్యాప్‌కామ్ సొంత కథ కాదు. పార్లర్ నుంచి ఏ ఇంటి గేమ్ యంత్రానికీ అది రాలేదు. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని ఒక కట్టగా అమ్మింది. అందులోనూ ముస్తఫా లేడు. బోర్డూ, దాని నకలూ తప్ప వేరే ఆధారం లేని ఆట అది.

నా బోర్డు దగ్గరికొస్తా. చిప్‌ల మీద నంబర్లు గీకేసి ఉన్నాయి. డూప్లికేట్ అని చెప్పడానికి అదొక్కటి చాలు. బ్యాటరీ లేదు. తాళం విప్పేసి చేసిన నకలు కాబట్టి దానికి చెవితో పని లేదు. ఒరిజినల్ బోర్డులు ఒక్కొక్కటే మరిచిపోతుంటే, ఈ దొంగ బోర్డు తుక్కు కుప్పలో కూడా ఆటను గుర్తుంచుకుంది.

అన్నీ గుర్తుంచుకుందని కాదు. ఒరిజినల్‌లో 'క్యూసౌండ్' అనే మంచి స్టీరియో ధ్వని ఉంటుంది. నా బోర్డు చేసినవాళ్ళు ఆ భాగం తీసేసి ఏదో చవక చిప్ పెట్టారు. సంగీతం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మొదటిసారి ఒరిజినల్ ధ్వని విన్నప్పుడు నాకు అది వేరే ఆటలా అనిపించింది. మా పార్లర్లో, రూపాయి బిళ్ళ వేసి విన్నది ఈ రేకు డబ్బానే.

ఈ బోర్డు మొదట తెర మీద బొమ్మలన్నీ గళ్ళుగళ్ళుగా చూపించింది. ఈప్రామ్‌లు ఒక్కొక్కటీ ఊడదీసి చదివాను. ఒకటి చదివిన ప్రతిసారీ వేరే జవాబు చెప్పింది. మిగతా చిప్‌ల అంకెలు మేమ్‌లో నమోదైన ఒక డూప్లికేట్‌తో సరిపోయాయి. మేమ్ వాళ్ళు దొంగ బోర్డులను కూడా విడిగా, పేరు పెట్టి భద్రపరిచారు మరి. పోయిన చిప్‌లో ఏముండాలో అక్కడ దొరికింది. కొత్త చిప్‌లో అది రాసి, కిటికీ మీద స్టిక్కర్ అంటించి గుచ్చాను. బొమ్మ నిలబడింది.

ధ్వని కూడా ఒరిజినల్‌లా మార్చడానికి దారేమైనా ఉందా అని ఒక మిత్రుడు అడిగాడు. ఉన్నా చేయనన్నాను. ఒరిజినల్‌ని కాపాడటానికి క్రుజ్ లాంటివాళ్ళు ఉన్నారు. మన ఊళ్లలో పిల్లలు విన్నదాన్ని ఎవరు దాచిపెడతారు? పాత చిప్‌ని పారేయలేదు. 'ముస్తఫా, బొమ్మల చిప్, పాడైంది' అని రాసిన కవరులో, బోర్డు పక్కనే ఉంచాను.