సి.డి. డ్రైవు – ఒక కొలత కథ

వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో వెలసినది. ఆ కాలపు పుస్తకాన్ని నేడు చేతికి తీసుకొన్నా, కళ్లజోడు తప్ప మరే పరికరమూ అక్కరలేకుండ చదువుకొనవచ్చును. ఇరవై యేండ్ల క్రితం మన ఇళ్లలో తీయించిన పెండ్లి సి.డి. సంగతి అట్లు కాదు. దానిని చదువుటకు యంత్రం కావలెను. బిళ్ల చెక్కుచెదరకున్నా, యంత్రం మూలపడిననాడు అందలి బొమ్మలూ మాటలూ మనకు లేనట్లే. కనుక పాత కంప్యూటరులో చెడిన డ్రైవును తీసి మరొకటి అమర్చుట చిన్నపనిగా కనిపించినను, దాని వెనుక తెలుసుకొనదగిన చరిత్ర ఉన్నది.

రేడియోకు బిళ్లలు కొత్త కావు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైన నాటికి నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డులు వాడుకలో ఉన్నవి. ముల్లు గాడి వెంట నడిచేది. నడిచినకొద్దీ గాడి అరిగేది. ఈ అరుగుదలను తప్పించినది కాంతి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో కాంపాక్ట్ డిస్క్ ప్రమాణాన్ని నిర్ణయించినవి. 1982 అక్టోబరులో జపానులో తొలి యంత్రం అమ్మకానికి వచ్చినది. 120 మిల్లీమీటర్ల బిళ్లలోని సన్నని గుంటల వరుసపై లేజరు కిరణం పడి తిరిగివచ్చును. ఆ తిరిగివచ్చిన కాంతిలోని హెచ్చుతగ్గులే మనకు పాటగా వినిపించును. 1980ల నడిమి భాగంలో ఇదే బిళ్ల కంప్యూటరు సమాచారాన్ని కూడ మోయసాగినది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు సుమారు 450 చేరిస్తే గాని ఒక సి.డి.కి సాటి రావు.

అయితే ఈ డ్రైవుకు కంప్యూటరు పెట్టెలో చోటెక్కడ? ఆ చోటు ముందే సిద్ధమై ఉన్నది. 1976లో అమెరికాలోని షుగార్ట్ సంస్థ 5¼ అంగుళాల ఫ్లాపీకి డ్రైవు తయారుచేసినది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. కంప్యూటరులో అట్టి డ్రైవుకు అర ఏర్పడినది. కాలక్రమాన ఆ ఫ్లాపీ పోయినది, అర వెడల్పు మాత్రం మిగిలినది. ఆ అరలోనికే సి.డి. డ్రైవు, దాని తరువాత డి.వి.డి. డ్రైవు వచ్చి కూర్చున్నవి. గుంటూరు జిన్నింగు మిల్లులో తెగిన బెల్టు స్థానే మరొక బెల్టు పట్టుచున్నదంటే, పుల్లీ కొలత మారలేదు గనుకనే. ఇదియూ అట్టిదే.

తీగల విషయంలో మాత్రం ఒప్పందం ఆలస్యమైనది. తొలి సి.డి. డ్రైవులలో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి; ఒకరి కార్డు మరొకరి డ్రైవుకు పనికిరాదు. 1990ల మధ్యలో, హార్డ్ డిస్కు వాడే 40 సూదుల వెడల్పు రిబ్బను తీగనే సి.డి. డ్రైవూ వాడుకొను ఏర్పాటు కుదిరినది. 2003 నుండి సన్నని సాటా తీగ దాని స్థానాన్ని ఆక్రమింపసాగినది. కొత్త డ్రైవు కొనబోవువారు మొదట చూడవలసినది ఇదియే: తమ పెట్టెలో ఉన్నది వెడల్పు తీగా, సన్నని తీగా?

దూది నూగు, మిరపకాయల దుమ్ము గాలిలో తేలియాడే మన మైదానాలలో డ్రైవు కంటి అద్దంపై పొర పట్టుట వింత కాదు. పళ్లెాన్ని బయటకు నెట్టే చిన్న రబ్బరు పట్టీ సాగిపోవుట మరొక జబ్బు. ఈ రెండింటికీ చికిత్స ఉన్నది. లేజరు బలం క్షీణించినచో డ్రైవునే మార్చవలెను. కరెంటు తీగ ఊడదీసి, పెట్టె పక్కరేకు తొలగించి, డ్రైవు వెనుకనున్న రెండు తీగలను, ఇరుపక్కల మరలను విప్పినచో అది సాధారణంగా ముందువైపుకు జారి వచ్చును. కొత్తది అదే దారిన లోపలికి పోవును. రిబ్బను తీగకు ఎర్రగీత గల అంచు మామూలుగా కరెంటు తీగ వైపున ఉండవలెను. ఒకే రిబ్బనుపై రెండు పరికరాలున్నచో ఒకటి మాస్టరుగా, ఒకటి స్లేవుగా నిలుచునట్లు వెనుకనున్న జంపరును సరిచూడవలెను.

ఇప్పుడా అరకే కాలం చెల్లుచున్నది. 2012లో ఆపిల్ సంస్థ తన ఐమ్యాక్ నుండి డ్రైవును తొలగించినది. డ్రైవులు తయారుచేసిన సోనీ ఆప్టియార్క్ 2013లో మూతపడినది. నేటి కొత్త పెట్టెలు అనేకం అర లేకుండగనే వచ్చుచున్నవి. అట్టివారికి బయట తగిలించే యు.ఎస్.బి. డ్రైవు ఒక ఉపాయం. కాని బిళ్లలకూ ఆయుర్దాయం ఉన్నది. ఇంట రాయించుకొన్న సి.డి.లో సమాచారాన్ని మోసేది ఒక రంగుపూత. ఎండకు, వేడికి అది క్రమంగా చెడును. మన గుంటూరు ఎండల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అందుచేత డ్రైవు మార్చినవారు ఆ వారంలోనే ఇంటనున్న బిళ్లలన్నిటినీ ఒకసారి తిప్పి, రెండుచోట్ల నకళ్లు ఉంచుకొనుట మేలు. టేపు లేని రోజులలో రేడియోలో మాట్లాడిన పెద్దల గొంతులు ఎన్నియో గాలిలోనే కలిసిపోయినవి. వాటిని సులువుగ నిలుపుకొను సాధనం నాడు లేదు. నేడు మన ఇంట ఉన్నది.