కల్యాణి కోట తాళంచెవులు

బీదరు కోటలోని రంగీన్ మహలును చూడవచ్చిన విద్యార్థులు నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పల పనిని, కొయ్యస్తంభాల చెక్కడాన్ని చూసి ఆశ్చర్యపడతారు. 1542 నుండి 1580 వరకు ఏలిన అలీ బరీద్‌షా ఆ మహలుకు ఈ సొగసు కూర్చాడు. ఆయన రాజ్యం మాత్రం చాలా చిన్నది. పడమట బీజాపూరు, వాయవ్యంలో అహ్మద్‌నగర్, ఉత్తరాన బీరారు, తూర్పున గోల్కొండ. ఈ నాలుగింటి నడుమ చిక్కుకొని కూడ బీదరు 1619 వరకు నిలువగలగడం సామాన్య విషయం కాదు.

ఈ అయిదు రాజ్యాలూ ఒక్క ఇంటి బిడ్డలే. 1347లో గుల్బర్గాలో వెలసిన బహమనీ రాజ్యానికి అహ్మద్‌షా వలీ కాలంలో బీదరు రాజధాని అయింది. స్థానికులైన దక్కనీ ప్రభువులకు, పారశీకాది దేశాల నుండి వచ్చిన ఆఫాకీలకు అక్కడి దర్బారులో ఎడతెగని వైరం ఉండేది. ఇరుపక్షాలనూ సమంగా నిలపడానికి శ్రమించిన మంత్రి మహమూద్ గవాన్, 1472లో మన మదర్సాను కట్టించిన మహనీయుడు, కూటలేఖ కారణంగా 1481లో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఒరిస్సా రాజును దండయాత్రకు ఆహ్వానిస్తున్నట్లు వ్రాసిన ఆ లేఖపై ఆయన ముద్రను శత్రువులు మోసంతో వేయించారు. చేయని నేరానికి ఆయన ప్రాణం పోయింది. తరువాతి కాలంలో అదే పనిని నిజంగా చేసినవారు పెక్కుమంది మంత్రులుగానో, సుల్తానులుగానో వెలిగారు. గవాన్ మరణించిన పదేళ్ళలోపే రాజ్యం ముక్కలు కాసాగింది.

చరిత్ర పాఠంలో ఏథెన్సు, స్పార్టా, థీబ్సు నగరరాజ్యాల కథ చదివినవారికి ఈ పరిస్థితి కొత్తగా తోచదు. అవి కూడ ఒకే భాష, ఒకే దేవతలు గలవి, అయినా క్రీ.పూ. 431 నుండి 404 వరకు ఏథెన్సు, స్పార్టాలు పరస్పరం క్షీణింపజేసుకున్నాయి. పిదప థీబ్సు తలయెత్తింది. ఆ థీబ్సులో బాల్యాన బందీగా కొన్నేళ్ళు గడిపిన మాసిడోనియా రాజకుమారుడు ఫిలిప్పు వారి యుద్ధవిద్యను గమనించి, క్రీ.పూ. 359లో స్వదేశంలో అధికారం చేపట్టాడు. డెల్ఫీ దేవాలయం విషయమై గ్రీకులు తమలో తాము పోరాడుతుండగా థీబ్సువారే ఆయనను సాయానికి పిలిచారు. తరువాత తప్పు తెలిసి ఏథెన్సుతో చేయి కలిపారు గాని, క్రీ.పూ. 338లో కైరోనియా రణరంగంలో ఇద్దరూ ఓడిపోయారు. మూడేళ్ళకు ఫిలిప్పు కుమారుడు అలెగ్జాండరు థీబ్సు నగరాన్ని నేలమట్టం చేశాడు.

దక్కనులో అటువంటి పొరుగు ఒకటి కాదు, రెండు. దక్షిణాన విజయనగరం, ఉత్తరాన మొగలులు. ఉత్తరపు తలుపు మొదట తట్టింది బీదరే. పేరుకు మాత్రమే సుల్తానుగా మిగిలిన కడపటి బహమనీ ప్రభువు కలీముల్లా 1526లో బాబరుకు సాయం కోరుతూ వర్తమానం పంపాడు. బాబరు రాలేదు, కలీముల్లా పారిపోయాడు. కోట అమీర్ బరీదు వశమైంది. ‘దక్కను నక్క’ అని పేరుపడిన ఈ అమీర్ బరీదు నేడొకరితో, రేపొకరితో చేరి బలవంతుల మధ్య బ్రదికాడు. ఒకసారి మాత్రం ఉద్గీరు వద్ద మత్తులో నిద్రిస్తుండగా, బీజాపూరు సేనాని అసద్ ఖాన్ మంచంతో సహా ఎత్తుకుపోయాడని చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాశాడు. ఎంతటి నక్కకైనా నిద్ర తప్పదు కదా!

విజయనగర వృత్తాంతంలో ఫిలిప్పు బాల్యాన్ని తలపించే ఘట్టం ఒకటుంది. గోల్కొండ రాజకుమారుడు ఇబ్రహీం, అన్న జంషీదుకు భయపడి, 1543 నుండి ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. 1550లో గోల్కొండ సింహాసనమెక్కి, తెలుగు కవులను ఆదరించి, ‘మల్కిభరాముడు’గా ఖ్యాతి గాంచాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణము’ అంకితమందుకున్నది ఆయనే. పదిహేనేళ్ళ తరువాత తన ఆశ్రయదాతపై కత్తి దూసినవారిలోనూ ఆయన ఉన్నాడు.

రామరాయల నీతి స్పష్టమైనది: సుల్తానులు ఎన్నడూ ఒక్కటి కారాదు. అందుకై ఒకప్పుడు అహ్మద్‌నగర్‌కు, మరొకప్పుడు బీజాపూరుకు సైన్యమిచ్చాడు. ఈ చదరంగంలో పదేపదే చేతులు మారిన పావు కల్యాణి కోట, అంటే మన జిల్లాలోని నేటి బసవకల్యాణ. తళ్ళికోట యుద్ధానికి కొద్ది సంవత్సరాల ముందు ఓడిన అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా స్వయంగా రామరాయల గుడారానికి వచ్చాడు. రామరాయలు ఆయన చేయి పట్టుకొని ఆహ్వానించగా, హుసేన్ వెంటనే నీళ్ళు తెప్పించి చేయి కడుగుకున్నాడట. రామరాయలు కూడ కోపంతో చేయి కడుగుకొన్నాడు. ఆపై హుసేన్ కల్యాణి తాళంచెవులను ఆయనకు సమర్పించగా, ఆయన వాటిని అక్కడికక్కడే బీజాపూరు అలీ ఆదిల్‌షాకు పంపించాడు. ఇది కూడ ఫెరిష్తా చెప్పినదే. ఒక సుల్తాను కోటను మరొక సుల్తాను విజయనగర ప్రభువు చేతిమీదుగా పొందవలసి వచ్చిన ఆ దినాన్ని ఇచ్చినవాడూ మరువలేదు, పుచ్చుకున్నవాడూ మరువలేదు.

హుసేన్ కుమార్తె చాంద్ బీబీని అలీ ఆదిల్‌షా వివాహమాడాడు. షోలాపూరు కోట అరణంగా వచ్చింది. 1565 జనవరి 23న బీజాపూరు, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు సేనలు కృష్ణానది దాటి నిలిచాయి. బీరారు చేరలేదు. రామరాయలు రణరంగంలో పట్టుబడి హతుడయ్యాడు. హంపీ నెలల తరబడి దోపిడికి గురైంది. దీనిని రెండు మతాల పోరుగా మాత్రమే చెప్పడం పరిపాటి. నిన్నటి వరకు ఆ సుల్తానులే ఒకరి మీదికి ఒకరు రామరాయలను తెచ్చుకున్నారన్న సంగతి ఆ వర్ణనలో ఇమడదు.

ఐకమత్యం యుద్ధంతోనే ముగిసింది. 1574లో అహ్మద్‌నగర్ బీరారును మింగింది. 1595లో ఆ అహ్మద్‌నగర్‌లోనే వారసత్వపు తగవు పుట్టగా, మంత్రి మియాన్ మంజూ గుజరాతులో ఉన్న అక్బరు కుమారుడు మురాదును పిలిచాడు. మురాదు వచ్చేసరికి మంజూ తన ప్రత్యర్థులను గెలిచి, పిలిచినందుకు పశ్చాత్తాపపడుతున్నాడు! పిలిచిన అతిథి తిరిగి వెళ్ళలేదు. చాంద్ బీబీ కోటను అద్భుతంగా కాపాడినా 1596లో బీరారును వదులుకోక తప్పలేదు; 1600లో ఆమె తనవారి చేతనే హతురాలైంది. 1619లో బీజాపూరు బీదరును కలుపుకుంది. 1636లో అహ్మద్‌నగర్‌లో మిగిలిన భాగాన్ని మొగలులతో కలిసి పంచుకున్నది కూడ బీజాపూరే. అప్పటినుండి దానికి మొగలులే పొరుగువారు. చివరకు బీజాపూరు 1686లో, గోల్కొండ 1687లో కూలిపోయాయి.

బీదరు వంతు అంతకు ముప్పై ఏళ్ళ ముందే వచ్చింది. 1657లో ఔరంగజేబు కోటను ముట్టడించినప్పుడు ఆయన పక్కన నిలిచినవాడు మీర్ జుమ్లా, నిన్నటి గోల్కొండ మంత్రి. బీజాపూరు తరఫున కోటను కాపాడుతున్న వృద్ధ సేనాని సిద్దీ మర్జాన్ 27 దినాలు నిలిచాడు. మార్చి నెలాఖరున బురుజు వద్ద మందుగుండు పేలగా, ఆయన తీవ్రంగా కాలిపోయాడు. లేవలేని స్థితిలో, తన కుమారుల చేతికి కోట తాళంచెవులిచ్చి ఔరంగజేబు వద్దకు పంపించాడు. బీదరు పేరు జఫరాబాదుగా మారింది. ఆ వేసవి గడిచేసరికి కల్యాణి తాళంచెవులు కూడ ఆ చేతికే చేరాయి.