ఎద్దు అలిసేదాకానే నీళ్లు

అనంతపురం పల్లెల్లో పూడిపోయిన పాత బావుల పక్కన కపిల తోలిన బాట ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. గట్టు మీంచి పల్లానికి ఎద్దులు నడిస్తే తోలు బాన పైకొచ్చేది, వెనక్కి తగ్గితే బావిలోకి దిగేది. అవి ఎంతసేపు లాగితే చేనికి అంతే తడి. మీటరూ చట్టమూ లేకుండానే నీటికి కొలత ఉండేది.

ఆయిల్ ఇంజిను, ఆ వెనకే కరెంటు మోటారు ఆ కొలతను చెరిపేశాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టింది. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేలలో ఇది రైతుకు ఊపిరి, కాదనడానికి నోరు రాదు. కానీ అప్పట్నుంచి అతని లెక్కలో ఖర్చంతా బోరుదే, నీళ్లకు ధరే లేదు. ఒకటి ఎండితే ఇంకొకటి, వెయ్యి అడుగులైనా సరే. బోర్లకు హద్దులు పెట్టే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. రిగ్గు లారీ చీకటిపడ్డాక వస్తే అడిగేదెవరు?

2003 నవంబరులో సూక్ష్మ సేద్య ప్రాజెక్టు మొదలయ్యాక, 1960లలో ఇజ్రాయెల్‌లో రూపుదిద్దుకున్న డ్రిప్పు సబ్సిడీ మీద మన చీనీ తోటలకు చేరింది. ఎకరాకు 110 చెట్లు, చెట్టుకు 4 డ్రిప్పర్లు, ఒక్కోదానికి గంటకు 8 లీటర్లు అనుకుంటే ఎకరాకు గంటకు 3,520 లీటర్లు. కాలువ కట్టి పారించే నీళ్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ. పని మాత్రం ఉంటుంది. ఉప్పు నీళ్లకు డ్రిప్పర్ల మూతి తెల్లగా పేరుకుపోతుంది. లేటరల్ చివర 8 అంకెలా ఉండే ప్లాస్టిక్ రింగు తీసి పైపును కడుక్కోవాలి, అప్పుడప్పుడూ యాసిడ్ పట్టించాలి. అయినా రాత్రి కరెంటుకు లేచి చీకట్లో పాములకు భయపడుతూ మడవ తిప్పే బాధ తప్పింది. రైతు డ్రిప్పును ఇష్టపడింది ముందు అందుకే అంటాను.

మరి మిగిలిన నీళ్లేమయ్యాయి? భూమిలో మిగల్లేదు. రెండెకరాల తోట నాలుగెకరాలైంది, ఆటోస్టార్టరు పెట్టిన మోటారు కరెంటున్నంత సేపూ తిరిగింది. పొదుపైన ఇంజిన్లు వస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఇంగ్లండులో ఆర్థికవేత్త జెవాన్స్ 1865లోనే రాశాడు. ఇంకో తిరకాసు కూడా ఉంది. పారించిన నీళ్లలో కొంత మళ్లీ ఇంకి బావికే చేరేది. దాన్నీ వృథా కింద రాసుకుని, ఆదా అంత ఇంత అని చెప్పుకున్నాం.

2016 ఆగస్టులో వేరుశనగ వాడిపోతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్లు, ఇంజిన్లు, ట్యాంకర్లు దింపింది. ఎన్ని ఎకరాలు బతికాయన్న దానిపై రాజకీయ తగాదా చాలానే నడిచింది. గన్ను నీళ్లు చల్లుతుంది గానీ పుట్టించదు. పక్కన నిండిన కుంట ఉన్నవాడికే అది అక్కరకొచ్చేది.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రయోగం శింగనమల మండలం మదిరేపల్లిది. సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఆ ఊరి రైతులు కొత్త బోర్లు వద్దనుకున్నారు. బోరున్నవాళ్లు లేని పక్క రైతుకు నీళ్లిచ్చారు, తడికి స్ప్రింక్లర్లు, డ్రిప్పు వాడారు. ఇచ్చినవాడికి లాభమేమిటంటారా? పక్క చేలో పోటీ బోరు పడదు, తన బోరు ఇంకొన్నేళ్లు పోస్తుంది. ఈ లెక్క సబ్సిడీ దరఖాస్తులో ఏ గడిలోనూ పట్టదు.