ఓడలెక్కిన బండ్లు – ఓడ లేని రేవులు

"ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి" అన్న సామెతను కలిమిలేముల తారుమారును చెప్పడానికి మనం వాడుతున్నాం. "ఓడలు బండ్ల మీదికి, బండ్లు ఓడల మీదికి వస్తాయి" అని దానికి మరొక రూపం కూడా వాడుకలో ఉంది. ఈ రెండవ రూపంలో ఉన్నది వేదాంతం కాదు, ప్రయాణానుభవం. ఓడకు కావలసిన మ్రాను అడవి నుండి రేవుకు బండి మీదనే వస్తుంది. ఓడ నీట దిగిన పిమ్మట ఆ బండినే ఆవలి ఒడ్డుకు మోసుకుపోతుంది. నేలదారి ఆగినచోట నీటిదారి అందుకొనుట, నీటిదారి ముగిసినచోట మరల నేలదారి సాగుట – ఇదే ఇందులోని సారం.

విదేశంలో ఉద్యోగం చేసుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు కారును ఓడలోనికి నడిపించి, సముద్రం దాటి, మరొక దేశంలో దిగి ప్రయాణం సాగించిన ముచ్చట చెబుతూ, "మాస్టారూ, మన డొంకూరు నుండి రంగూనుకు ఇలా కారులో వెళ్ళగలమాండీ?" అని అడిగాడు. చూడబోతే చిన్న ప్రశ్న. సమాధానం మాత్రం మన కళింగాంధ్ర చరిత్రలో నూరేళ్ళ వెనక్కు తీసుకుపోతుంది.

ముందుగా ఐరోపా సంగతి. ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ కారును దాటించడం ఒకప్పుడు ఖరీదైన వ్యవహారం. 1928లో స్టువర్ట్ టౌన్‌సెండ్ అనే ఆయన ఆర్టిఫిసర్ అనే బొగ్గు ఓడను బాడుగకు తీసుకొని, డోవర్ నుండి కలే రేవుకు తక్కువ ధరకు కార్లను చేరవేయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పర్యాయానికి పట్టినవి 15 కార్లే. వాటిని క్రేనుతో పైకెత్తి ఓడలో దించేవారు. కారును నేరుగా ఓడలోనికి నడిపించే ఏర్పాటుతో డోవర్‌లో ప్రత్యేకమైన రేవు వెలసింది 1953లో. ఈనాడు అటువంటి ప్రయాణాన్ని తలపెట్టినవారు బండి పొడవు, ఎత్తు చెప్పి ముందుగా చోటు ఖాయపరచుకోవాలి. ఏ రేవున ఎక్కాలో, ఏ రేవున దిగాలో, తిరుగు ఓడ ఎప్పుడో చూసుకోవాలి. బండి కాగితాలు, బీమా సరిగా ఉండాలి. ఇంతే.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. రెండు పడవలను జతచేసి, వాటిపై బల్లలు పరచి, ఎద్దుబండిని ఎద్దులతో సహా ఏరు దాటించే సాధనాన్ని మనవారు బల్లకట్టు అన్నారు. గోదావరి మీద సఖినేటిపల్లి, నరసాపురం నడుమ పంటు ఎక్కి దాటినవారికి ఈ అనుభవం తెలిసినదే. 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1831లో జగన్నాథం, గంజాం మీదుగా మన శ్రీకాకుళం ప్రాంతం గుండానే తిరిగివచ్చారు. పల్లకీలు, బోయీలు, సామాను, పరివారం – ఇంత బలగంతో దారిలోని నదులన్నీ దాటుకుంటూ రావాలి. మజిలీలు, నదులు, రేవులు, దొరికే వస్తువులు – ఇవన్నీ ఆయన కాశీయాత్ర చరిత్రలో ఓపికగా వ్రాసిపెట్టారు. తరువాత వెళ్ళేవారికి అది దారి చూపే గ్రంథమైంది.

ఇక డొంకూరు. ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు సమీపంలో ఉన్న మత్స్యకారుల ఊరు. ఉద్యానమే ఉద్దానమైందని చెప్పుకునే కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల సీమకు ఉత్తరపు కొస ఇది. పటంలో చూస్తే ఆంధ్రదేశం ఇక్కడ ముగిసినట్లు కనబడుతుంది. కాని ఈ తీరవాసులకు ఒకప్పుడు సముద్రం ఎల్ల కాదు, రహదారి. ఉత్తరాన గోపాలపురం, దక్షిణాన బారువ, కళింగపట్నం, ఇంకా దిగువకు పోతే భీమునిపట్నం – ఇవన్నీ ఆ రహదారికి వాకిళ్ళు. బారువ దగ్గర మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం నేటికీ కడలి అడుగున ఆ కాలానికి సాక్షిగా ఉంది.

1852లో దిగువ బర్మాను, 1885లో ఎగువ బర్మాను ఆంగ్లేయులు వశపరచుకున్నారు. ఐరావతీ నది డెల్టాలో వరిసాగు విస్తరించింది. కోతకు, బియ్యపు మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి మనుషులు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి తెలుగువారు వేలాదిగా తరలిపోయారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వారిని కోరంగీలు అన్నారు. మన పల్లెల్లో రంగూను రంగమైంది. "రంగం వెళ్ళాడు" అంటే ఇక విడమరచి చెప్పనక్కరలేదు.

ఆనాటి కూలీ తన ప్రయాణాన్ని ఎట్లా ఆలోచించుకునేవాడో చూడండి. మొదటిది ఖర్చు. మేస్త్రీ ఇచ్చిన బయానాతో ఓడ ఛార్జీ గడిచేది. ఆ అప్పు అక్కడి కూలిలో తీరాలి. రెండవది కాలం. తుపానుల ఋతువు, అలల ఉద్ధృతి ఒకవైపు, బర్మాలో వరికోతలు, మిల్లుల పని మరొకవైపు చూసుకోవాలి. మూడవది రేవు. ఈ తీరంలో ఓడ ఒడ్డుకు రాదు, దూరాన లంగరు వేసి నిలుస్తుంది. అక్కడికి మసూలా పడవలో వెళ్ళాలి. ఆ పడవ బల్లలను మేకులతో బిగించరు, కొబ్బరినార త్రాటితో కుడతారు. అల కొట్టినప్పుడు విరగక వంగుతుంది. మోటారు బండికి క్రేను ఎటువంటిదో, మన కూలీకి ఆ కుట్టుపడవ అటువంటిది. ఓడ ఎక్కిన తరువాత గది లేదు, మంచం లేదు. డెక్కు మీదనే పడక. గోపాలపురం నుండి రంగూనుకు సముద్రం మీద సుమారు 1,300 కిలోమీటర్లు. ఆవిరి ఓడకు మూడు నాలుగు దినాల ప్రయాణం.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, తిరుగు ప్రయాణం. రంగం వెళ్ళినవారిలో ఎక్కువమంది అక్కడ ఉండిపోవడానికి వెళ్ళలేదు. రెండు మూడేండ్లు పనిచేసి, అప్పు తీర్చి, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని రావాలనే వెళ్ళారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగర జనాభా సుమారు 4 లక్షలు కాగా, అందులో సగానికి మించి భారతీయులే. పోయే ఓడ, వచ్చే ఓడ రెండూ నిండుగా నడిచినంతకాలమే ఆ వ్యవస్థ నిలిచింది.

నేల మీద మనసులు మారడం మాత్రం ముందే మొదలైంది. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలోకి తెచ్చాయి. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి చేరడంతో బర్మీయులు పని కోల్పోయారు. ఆ కసి అల్లర్లుగా చెలరేగి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఇరుపక్షాలవారూ ఆకలితో ఉన్నవారే. లాభం చూసుకున్నవారు వేరు. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుండి వేరైంది. 1941లో వలసలను కట్టడి చేసే ఒప్పందం కుదిరింది. ఒకే ప్రభుత్వపు రెండు రేవుల మధ్య దారి రెండు దేశాల మధ్య దారి అయింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చి తొలివారం ముగిసేసరికి ఆ నగరం పడిపోయింది. ఓడలో చోటు దొరికినవారు కొందరే. తక్కినవారు నడిచారు. కొందరు అరకాను కొండలు దాటి చట్టగ్రాం వైపు, కొందరు టాము మీదుగా మణిపురానికి, మరికొందరు హుకావ్ఁగ్ లోయ గుండా అస్సాముకు. అన్ని దారులలోనూ కలిసి దాదాపు 4 లక్షలమంది ఇండియా చేరారు. ఆకలికి, మలేరియాకు, కలరాకు వేలమంది దారిలోనే రాలిపోయారు. తెల్లవారికి ఒక వసతి, మనవారికి ఒక వసతి అన్న ఆరోపణ ఆనాడే పుట్టింది. మూడు దినాలలో సముద్రం దాటించిన దారి మూతపడితే, మనిషి కాళ్ళు దానికి చెల్లించిన మూల్యం అది.

యుద్ధం ముగిశాక తిరిగి వెళ్ళినవారూ, అక్కడే నిలిచినవారూ ఉన్నారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964లో పెద్ద నోట్లు చెల్లవన్నారు. మరల ఓడలు నిండాయి, కాని ఈసారి ఒకవైపే. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ తిరుగు ప్రయాణపు గుర్తు. వచ్చేటప్పుడే నిండి, పోయేటప్పుడు ఖాళీగా ఉండే ఓడ ఎంతకాలం నడుస్తుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నేడు డొంకూరు నుండి రంగూనుకు కారును చేర్చే ఓడ లేదు. నేల మీద పోదామంటే కలకత్తా, గౌహతి, ఇంఫాలు, మోరే, అక్కడి నుండి టాము, మాండలే, రంగూను – 3,000 కిలోమీటర్లకు పైమాట. చదువరులు గమనించారా? మోరే–టాము అంటే 1942లో మనవారు కాలినడకన వచ్చిన దారే! ఆ దారిలో టాము నుండి కలెమ్యో వరకు భారత సరిహద్దు రహదారుల సంస్థ నిర్మించిన రోడ్డు 2001లో ప్రారంభమైంది. ఇండియా, బర్మా, థాయిలాండులను కలిపే రహదారి ఆలోచన 2002 నాటిది. అది నేటికీ పూర్తికాలేదు. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ సీమ యుద్ధభూమి అయింది. సరిహద్దు ప్రజల స్వేచ్ఛా సంచార ఏర్పాటును రద్దుచేయ నిశ్చయించినట్లు 2024 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం ప్రకటించింది. పరదేశానికి కారును తీసుకుపోయి మరల తెస్తామని హామీగా చూపే కార్నే అనే సుంకపు పత్రం చేత ఉన్నా, దారే లేనప్పుడు అదేమి చేస్తుంది?

సముద్రం దాటించే నేర్పు మనకు లేక కాదు. గుజరాతులో ఘోఘా, దహేజుల మధ్య 2018లో బండ్లను ఎక్కించుకునే ఓడ నడిచింది. రోడ్డు మీద ఎంతో దూరం చుట్టవలసిన తావుకు రమారమి 30 కిలోమీటర్ల నీటిదారి. మనకు దగ్గరలోనే చిలికా సరస్సులో సాతపడా, జన్హికుడాల మధ్య కార్లను దాటించే పంటు ఉంది. ఇచ్ఛాపురం వైపు నుండి పూరీకి పోయేవారు దానిని ఎక్కవచ్చు. ఈ రెండుచోట్లా రెండు ఒడ్లూ ఒకే ఇంటివి. అదే నాగపట్నం నుండి సింహళంలోని కంకేశన్‌తురైకి 2023 అక్టోబరు 14న మొదలై, ఆగి, 2024 ఆగస్టులో మరల బయలుదేరిన ఓడ మనుషులనే తీసుకుపోయేది. కార్లు ఎక్కేది కాదు. 1914లో మొదలైన ధనుష్కోటి–తలైమన్నారు దారిని 1964 డిసెంబరు తుపాను తుడిచిపెట్టిన తరువాత ఈపాటి దారి ఏర్పడడానికే ఇన్నేళ్ళు పట్టింది.

కనుక నాకు తోచినది ఇది. దారిని మూసేది నీరు కాదు, ఒడ్డు. పాస్‌పోర్టు, కారు, డబ్బు ఉన్న నేటి మనిషి వెళ్ళలేని చోటికి, అప్పుచేసిన బయానాతో, కుట్టుపడవ ఎక్కి మన ఉద్దానం కూలీ వెళ్ళాడు. అతడిది విహారయాత్ర కాదు. ఆ సౌలభ్యం కూడా అతడి మేలు కోరి కల్పించినది కాదు. మిల్లుకు బియ్యం, కంపెనీకి ఛార్జీ కావలసినంతకాలం సముద్రం తెరిచి ఉంది. అక్కర తీరగానే అతడిని అడవిలో నడవమన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

రంగం కబుర్లు స్వయంగా చెప్పగలవారు ఇప్పుడు మన ఊళ్ళలో బహు కొద్దిమంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాలవారు మీ ఇళ్ళలోని వృద్ధులను అడగండి. ఏ రేవున ఎక్కారు, ఏ ఓడ, ఎవరు తిరిగివచ్చారు, ఎవరు రాలేదు – విన్నది విన్నట్లు వ్రాసిపెట్టండి. వీరాస్వామయ్యగారు తన యాత్రను తానే వ్రాసుకోగలిగారు. డెక్కు మీద పడుకుని వెళ్ళినవారిలో చాలామందికి అక్షరం రాదు. ఆ పని మనదే.

స్వస్తి.